పురుగు తొలిచిన అక్షరాలు

1993 మార్చి 23 రాత్రి. కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండ మీద మబ్బు పట్టింది. తోకచుక్కల్నీ గ్రహశకలాల్నీ వెతకడమే పనిగా పెట్టుకున్న యూజీన్ షూమేకర్, ఆయన భార్య కారొలిన్, వాళ్ల స్నేహితుడు డేవిడ్ లెవీ టెలిస్కోపు దగ్గర ఉసూరుమంటూ కూర్చున్నారు. మంచి ఫిల్ము ఖరీదైన సరుకు. ఇలాంటి ఆకాశం కోసం దాన్ని తగలెయ్యడానికి మనసొప్పదు. పొరపాటున వెలుతురు సోకి అంచులు పాడైన ఫిల్ములు మాత్రం కొన్ని పక్కన పడి ఉన్నాయి. మధ్యభాగం ఎంతో కొంత పనికొస్తుంది. ఎలాగూ పారేసేవే, పోయేదేముందని మబ్బు సందుల్లోంచి వాటితోనే ఫొటోలు తీశారు. తర్వాత ఆ ఫిల్ముల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్న కారొలిన్ ఒకచోట ఆగిపోయారు. గురుగ్రహం పక్కన ఏదో ఉంది. చుక్కలా లేదు, గీతలా ఉంది. తోకచుక్కను ఎవరో నలిపేసినట్టుందని మిగతా ఇద్దరికీ చెప్పారు.

ఆరిజోనాలోని కిట్ పీక్ మీదున్న టెలిస్కోపు ఆ గీతను విడదీసి చూపింది. ఒకదాని వెనక ఒకటిగా, తాడు పట్టి అమర్చినట్టు, తోకచుక్క ముక్కలు. పత్రికలు దాన్ని ముత్యాల దండ అన్నాయి. దండ కనిపిస్తే చూపు దారం కోసం వెళుతుంది. దారం కనిపించకపోతే, గుచ్చిన చేతులెవరివా అని వెతుకుతుంది. ఈ రెండో వెతుకులాట మొదలయ్యేసరికి ఖగోళశాస్త్రం గడప దాటి తత్వశాస్త్రం ఇంట్లో కాలు పెట్టినట్టే.

మన తార్కికులు ఇలాంటి సందర్భాలకు ఎప్పుడో రెండు మాటలు తయారుచేసి పెట్టారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే అది కాకతాళీయం. ఈ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. రెండోది పండితుల నోళ్లలోనే మిగిలిపోయింది. దాని పేరు ఘుణాక్షర న్యాయం. ఘుణమంటే కొయ్యను తొలిచే పురుగు. ఆకలితో అది దూలాన్ని తింటూ పోతే, వెనక పడే గాడి ఒక్కోసారి అక్షరంలా కనిపిస్తుంది. పాత ఇంటి ద్వారబంధం మీద సన్నటి పొడి రాలుతున్నచోట వేలితో తుడిచి చూడండి. ‘ర’ లాగానో ‘ల’ లాగానో ఒక వంపు ఉంటుంది. పురుగుకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చినవాడి కన్ను మాత్రం దాన్ని చదవకుండా ఉండలేదు.

పాడైన ఫిల్ములో తోకచుక్క చిక్కడం కాకతాళీయమే. కానీ ముక్కలన్నీ ఒకే గీత మీద ఉండటాన్ని ఆ ఖాతాలో వేయడం కుదరదు. ఇరవై పైచిలుకు ముక్కలు ఎవరికి వారే తిరుగుతూ ఒకనాడు అనుకోకుండా వరుస కట్టవు. అంటే పురుగు ఉంది. రాయాలనే ఉద్దేశం ఉందా అన్నది వేరే ప్రశ్న. చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే రెండోదానికీ దొరికిందనుకుంటారు.

పురుగును పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ముక్కల దారిని వెనక్కి లెక్కగడితే అవన్నీ 1992 జూలై 7న ఒక్క చోటికి చేరాయి. ఆ రోజు ఆ తోకచుక్క గురుగ్రహాన్ని దాదాపు ఒరుసుకుంటూ వెళ్లింది. గురుత్వాకర్షణ దగ్గరగా ఉన్నదాన్ని ఎక్కువగా, దూరంగా ఉన్నదాన్ని తక్కువగా లాగుతుంది. బంగాళాఖాతంలో పోటు తెచ్చేది చంద్రుడి లాగుడులో ఉన్న ఈ తేడానే. తోకచుక్కకు గురుడి వైపున్న ముఖం ఒక బలంతో, అవతలి ముఖం అంతకంటే తక్కువ బలంతో గుంజుకుపోయాయి. అది గట్టి బండరాయి అయితే తట్టుకునేదేమో. కానీ అది మంచూ దుమ్మూ కలిసిన వదులు ముద్ద, లారీ దింపి వెళ్లిన కంకర గుట్ట లాంటిది. పట్టి ఉంచింది సిమెంటు కాదు, దాని బరువే. గురుడు ఆ బరువుకు మించి లాగాడు. గుట్ట సాగింది, సాగి తెగింది, తెగిన ముక్కలు పాత దారిలోనే ఒకదాని వెనక ఒకటి నడిచాయి. దండలో దారం కోసం వెతికినవాళ్లకు దొరికిన జవాబు ఇది: ఇప్పుడు దారం లేదు, ఒకప్పుడు అంతా ఒకటే ముద్ద.

ఆ ముక్కలకు ఇంగ్లిషు అక్షరాలతో పేర్లు పెట్టారు. ‘ఏ’ నుంచి ‘డబ్ల్యూ’ వరకు, ‘ఐ’, ‘ఓ’ వదిలేసి, మొత్తం 21. 1994 జూలై 16న మొదటిది గురుడి మీద పడింది, 22న చివరిది. సెకనుకు 60 కిలోమీటర్ల వేగం. 18వ తేదీన పడిన ‘జీ’ ముక్క మిగిల్చిన నల్లటి మచ్చ వెడల్పు దాదాపు 12 వేల కిలోమీటర్లు, అంటే ఇంచుమించు భూమంత. ముక్కలు వచ్చిన దారి ఒకటే, కింద గురుడు మాత్రం పది గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతున్నాడు. అందుకే దెబ్బలన్నీ దక్షిణార్ధగోళంలో దాదాపు ఒకే అక్షాంశం మీద, వేర్వేరు చోట్ల పడ్డాయి. పెరటి టెలిస్కోపులున్నవాళ్లకు కూడా మచ్చలు కనిపించాయి. కొన్ని నెలలకు గాలులు వాటిని చెరిపేశాయి. గురుడికి నేల లేదు, మబ్బులే. మబ్బు మీద రాత నిలవదు.

శ్వేతాశ్వతరోపనిషత్తు మొదట్లోనే బ్రహ్మవాదులు చేరి ఈ జగత్తుకు కారణమేమిటని అడుగుతారు. కాలమా, స్వభావమా, నియతా, యదృచ్ఛా, భూతాలా అని ఒక్కొక్కటీ ముందుకు తెచ్చి తూకం వేస్తారు. చివరికి ఉపనిషత్తు వీటన్నిటి మీదా అధికారమున్న దైవశక్తి దగ్గర ఆగుతుంది. దాని తీర్పు ఎలా ఉన్నా, ఆ పట్టిక ముచ్చటైనది. ఎందుకంటే అడిగినవాళ్లు ‘దేవుడా, కాదా’ అని రెండే గళ్లు గీసి కూర్చోలేదు. షూమేకర్–లెవీ తోకచుక్కను ఆ పట్టిక ముందు పెడితే చాలా గళ్లు నిండుతాయి. అది కంకర గుట్టలా వదులుగా ఉండటం స్వభావం. దగ్గరికొస్తే తెగక తప్పకపోవడం నియతి. 1992లో అంత దగ్గరగా రావడం యదృచ్ఛ. ఏ ముక్క ముందు, ఏది వెనక అన్నది కాలం పెట్టిన వరుస. ఒక్క కారణంతో సరిపెట్టాలని చూసేవాడికి ఈ దండ లొంగదు.

మబ్బు మీద రాత చెరిగిపోయింది సరే, రాతి మీదా మంచు మీదా పడితే? ఈ ప్రశ్నకు జవాబు ఆ తోకచుక్క దొరకడానికి 14 ఏళ్ల ముందు నుంచే ఫొటోల్లో ఉంది. 1979లో రెండు వాయేజర్ నౌకలు గురుడి చంద్రుల్ని దగ్గర్నుంచి చూశాయి. కాలిస్టో, గానిమీడ్‌ల మీద బిలాలు తిన్నగా వరుస కట్టిన చోట్లు కనిపించాయి. ఇలాంటి వరుసకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్యాటెనా. లాటిన్‌లో గొలుసని అర్థం. కాలిస్టో మీది గొలుసులకు గిపుల్, గోముల్ అంటూ ఉత్తర ఐరోపా పురాణాల్లోని నదుల పేర్లు పెట్టారు. గిపుల్ పొడవు దాదాపు 600 కిలోమీటర్లు. పేర్లు పెట్టారు గానీ కారణం తేలలేదు. పెద్ద బిలం ఏర్పడినప్పుడు ఎగిరిన రాళ్లు వరుసగా పడితే చిన్న గుంటల గొలుసు ఏర్పడుతుందని తెలుసు. మరి ఆ పెద్ద బిలం ఏది? తల్లి కనిపించని పిల్లల్లా ఈ గొలుసులు 14 ఏళ్లు అలాగే ఉండిపోయాయి.

1993లో తోకచుక్క దండ దొరకగానే జే మెలోష్, పాల్ షెంక్ అనే శాస్త్రజ్ఞులు ఆ పాత ఫొటోలు బయటికి తీశారు. కాలిస్టో మీద ఎనిమిది, గానిమీడ్ మీద మూడు గొలుసులు తేలాయి. వాటిలో దాదాపు అన్నీ ఆ చంద్రుళ్ల ఒకే ముఖం మీద, గురుడి వైపు తిరిగి ఉండే ముఖం మీద ఉన్నాయి. మన చంద్రుడు భూమికి ఒకే ముఖం చూపిస్తున్నట్టే ఈ రెండూ గురుడికి ఒకే ముఖం చూపిస్తాయి. గురుడి దగ్గర తెగిన తోకచుక్క బయటికి పోతూ దారిలో చంద్రుణ్ణి ఢీకొంటే, తగిలేది ఆ ముఖానికే. అనుమానితుడు ఎటువైపు నుంచి వచ్చాడో గాయమే చెప్పిన కేసు ఇది. వరుసగా ఉన్నాయన్నది ఒక సాక్ష్యం. ఏ వైపు ఉన్నాయన్నది రెండోది. రెండోది లేకుండా మొదటిదాన్ని పట్టుకుని ఊరేగితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

గానిమీడ్ మీది గొలుసుల్లో ఒకటి ఎన్కి. సుమేరియన్ల నీటి దేవుడి పేరు. 161 కిలోమీటర్ల పొడవున 13 బిలాలు, ఒకదాని అంచు ఇంకోదాన్ని తాకుతూ, జంతికల గొట్టంలోంచి చేయి ఆపి ఆపి ఒత్తినట్టు ఉంటాయి. గెలీలియో నౌక తీసిన చిత్రంలో ఒక విశేషం ఉంది. గొలుసు సరిగ్గా రెండు రకాల నేలల సరిహద్దును దాటుతుంది. ఒక పక్క తెల్లటి నేల, ఇంకో పక్క నల్లటి నేల. తెల్లటి వైపు బిలాల చుట్టూ ఎగిరిపడిన మంచు పొడి స్పష్టంగా కనిపిస్తుంది. నల్లటి వైపుకు వచ్చేసరికి ఆ పొడి ఆనవాలు దొరకడం కష్టం. పడ్డవి ఒకే తోకచుక్క ముక్కలు, పడ్డ తీరూ ఒకటే. నేల మారింది, గుర్తు మారింది. కర్మ గురించి మాట్లాడేవాళ్లు దెబ్బ కొట్టినదాని గురించే ఎక్కువ మాట్లాడతారు, దెబ్బ తిన్న నేల గురించి తక్కువ. ఎన్కి చిత్రం చూస్తే ఆ రెండోదానికీ లెక్కలో సగం వాటా ఉందనిపిస్తుంది.

మన చంద్రుడి మీదా గొలుసులున్నాయి. ఎక్కువ భాగం తల్లి కనిపించే రకమే. 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం చుట్టూ దాని రాళ్లు చేసిన చిన్న గుంటలు బారులు తీరి ఉంటాయి. వాటి పక్కన బాణపు ములికి ఆకారంలో లేచిన గట్లు తల్లి వైపే వేలు చూపిస్తాయి. డేవీ గొలుసు వేరు. 50 కిలోమీటర్ల పొడవున ఇరవైకి పైగా చిన్న గుంటలు, ఏ పెద్ద బిలానికీ పిల్లలని తేలలేదు. ఒకప్పుడు అది అగ్నిపర్వతపు రంధ్రాల వరుస అనుకుని, అపోలో వ్యోమగాముల్ని దింపడానికి తగిన చోట్ల జాబితాలో కూడా పెట్టారు. తర్వాత మెలోష్, యువెన్ విటేకర్ మరో మాట చెప్పారు. భూమికి మరీ దగ్గరగా వచ్చి తెగిన గ్రహశకలం ముక్కలు అక్కడ పడి ఉంటాయన్నారు. ఇక అంగారకుడి మీద కొన్ని గుంటల వరుసలు అసలు దెబ్బలే కావు. నేల కింద పగులు పడి పైమట్టి లోపలికి కుంగినవి. వాటికి ఎత్తైన అంచు ఉండదు, చుట్టూ చిమ్మిన రాళ్లుండవు. పైనుంచి చూస్తే అన్నీ వరుసలే. పురుగులు మాత్రం మూడు రకాలు.

అసలు వరుసే లేనిచోట వరుస చూడటం కన్నుకు వెన్నతో పెట్టిన విద్య. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెట్టి లోపలికి వెళ్లిన ఇల్లాలు ఇంకా గీతలు గీయలేదు. దారిన పోయేవాడికి మాత్రం అప్పటికే ముగ్గు కనిపిస్తుంది. 19వ శతాబ్దపు చివర్లో పెర్సివల్ లోవెల్ ఆరిజోనాలో టెలిస్కోపు కట్టించుకుని అంగారకుడి మీద తిన్నటి గీతలు చూశాడు. అవి ఎండిపోతున్న గ్రహం మీద తెలివైన జీవులు తవ్విన కాలువలని పుస్తకాలు రాశాడు. గ్రీనిచ్‌లో మాండర్ అనే ఖగోళజ్ఞుడికి అనుమానమొచ్చింది. 1903లో ఆయన అక్కడి బడి పిల్లల ముందు ఒక గుండ్రటి బొమ్మ పెట్టించాడు. అందులో ఉన్నవి చెదురుమదురు చుక్కలూ మరకలూ. దూరంగా కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు గీయమన్నాడు. పిల్లల్లో కొందరు కాలువలు గీశారు. 1965లో మారినర్–4 నౌక పంపిన ఫొటోల్లో కాలువలు లేవు. గుంటలున్నాయి.

లోవెల్‌ను చూసి నవ్వడం తేలిక. భూగర్భశాస్త్రవేత్త జాన్ స్ప్రే, ఆయన ఇద్దరు సహచరుల సంగతి అలా కాదు. వాళ్లు జాగ్రత్తపరులు. 1998లో ‘నేచర్’ పత్రికలో వాళ్లొక ఆలోచన ముందుంచారు. కెనడాలోని మానిక్వాగన్, సెయింట్ మార్టిన్, ఫ్రాన్సులోని రోష్‌షువార్, ఇంకో రెండు బిలాలు, మొత్తం అయిదు, ఒకే కాలానివిగా కనిపిస్తున్నాయి. దాదాపు 21 కోట్ల 40 లక్షల ఏళ్ల నాటివి. ఖండాల్ని ఆనాటి స్థానాలకు జరిపి చూస్తే వాటిలో మూడు ఒకే అక్షాంశం మీదికి వస్తాయి. షూమేకర్–లెవీ గురుడికి చేసింది భూమికీ జరిగిందేమో! గురుడి మీది మచ్చలు ప్రపంచం చూసి అప్పటికి నాలుగేళ్లే. ఎవరికైనా ఒళ్లు జలదరించే ఊహ. తర్వాత రాళ్ల వయసు కట్టే పద్ధతులు పదునెక్కాయి. మానిక్వాగన్ 21 కోట్ల 50 లక్షల ఏళ్లకు కాస్త పైన నిలిచింది. సెయింట్ మార్టిన్ దాదాపు 22 కోట్ల 80 లక్షలకు వెనక్కి జరిగింది. రోష్‌షువార్ 20 కోట్ల 70 లక్షలకు ముందుకొచ్చింది. మధ్యలో కోటి ఏళ్ల ఎడం ఉన్న పూసల్ని ఏ దండలో గుచ్చుతారు? వరుస మ్యాపు మీద ఉంది, భూమి మీద లేదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ ఊహ తనను ఎలా పరీక్షించాలో తనే చెప్పింది, పరీక్షకు నిలబడలేదు, పక్కకు తప్పుకుంది.

1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా జరిగిన అష్టగ్రహ కూటమికి ఆ మర్యాద తెలియదు. మకర రాశిలో కేతువుతో కలిపి ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరాయి. దేశమంతటా హోమాలు, జపాలు, బారులు తీరిన భక్తులు, ప్రళయమన్న పుకార్లు. 6వ తేదీ మామూలుగానే తెల్లవారింది. హోమాల వల్లే గండం గడిచిందన్నవాళ్లున్నారు, దాన్ని ఎవరూ కాదని నిరూపించలేరు. చిక్కల్లా అక్కడే. ప్రళయం వస్తే కూటమి నిజం, రాకపోతే హోమం నిజం. ఎటు తిప్పినా ఓడిపోని మాట చేతిలో ఉంటే ఆకాశం వైపు చూడాల్సిన పనేముంది?

ఇక ఉద్దేశం సంగతి. దీని మీద మన దేశంలో కొన్ని శతాబ్దాల పాటు గట్టి వాదమే నడిచింది. మిథిలకు చెందిన నైయాయికుడు ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుడున్నాడనడానికి చూపిన ఆధారాల్లో మొదటిది కార్యం. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టు, జగత్తు అనే కార్యముంటే దానికి తెలిసి చేసిన కర్త ఉండాలి. అయితే ఈ రకం వాదానికి అభ్యంతరం ఉదయనుడు పుట్టక ముందే సిద్ధంగా ఉంది. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి పుట్టను ముందుకు తెచ్చాడు. కుండా మట్టే, పుట్టా మట్టే. రెండింటికీ ఒక ఆకారముంది. ఆకారముంది కాబట్టి కర్త ఉన్నాడంటే, పుట్టను కూడా కుమ్మరే చేశాడనాల్సి వస్తుంది. నాగుల చవితికి పాలు పోసే పుట్టను కుమ్మరి ఖాతాలో రాయడానికి తెలుగువాళ్లెవరూ ఒప్పుకోరు. ధర్మకీర్తి ఆకారమే లేదనలేదు. ఏ రకం ఆకారానికి ఏ రకం కారణమో ముందు చూసి తెలుసుకోమన్నాడు. కుమ్మరి సారె తిప్పగా చూశాం గనకే కుండ నుంచి కుమ్మరిని ఊహించగలం.

మెలోష్, షెంక్ చేసింది అచ్చంగా ఇదే. దండ ఎలా పుడుతుందో 1993లో కళ్లారా చూశాక గానీ కాలిస్టో మీది పాత గుర్తుల్ని చదవలేకపోయారు. అంతమాత్రాన ఈశ్వరుడి మీద ఈ గొలుసులు తీర్పు చెప్పేశాయనుకోవడం తొందరపాటు. గురుత్వాకర్షణ అనే నియతి ఎందుకుందని నైయాయికుడు అడిగితే ఎన్కి దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకది సాక్షి కూడా కాదు. కానీ ఒక గొలుసును చూపించి ‘ఇదిగో ఆయన వేలిముద్ర’ అనేవాడు ఉదయనుడి పక్షాన కూడా నిలబడలేడు. ఉదయనుడు జగత్తు మొత్తానికి కర్తను అడిగాడు, ఒక్కొక్క గీతకూ కాదు. దేవుణ్ణి గీతగీతకూ సాక్షిగా పిలిచే భక్తి ఒక చిన్న ఇబ్బందిని కొనితెచ్చుకుంటుంది: రోష్‌షువార్ వయసు మారినప్పుడల్లా ఆయన సాక్ష్యమూ మార్చుకోవాలి.

మనిషి తవ్విన గుంటలు చూస్తే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. 2022 మార్చి 4న ఒక వాడేసిన రాకెట్ భాగం చంద్రుడి అవతలి ముఖాన్ని గుద్దుకుంది. అది మొదట అమెరికా రాకెట్టన్నారు, తర్వాత 2014 నాటి చైనా రాకెట్టన్నారు, చైనా మాది కాదంది. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక తీసిన ఫొటోలో ఒకదాన్నొకటి ఆనుకుని రెండు గుంటలు కనిపించాయి. ఒకటి 18 మీటర్లు, ఇంకోటి 16. రెండు గుంటల చిన్న గొలుసు. చేసింది మనిషి వస్తువే, చేయాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. దానికి భిన్నంగా 2008 నవంబరు 14న, శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్–1 పక్కల మీద మూడు రంగుల జెండా ఉన్న ఒక పెట్టెను తన నుంచి విడిచిపెట్టి, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర కావాలనే నేలకు కొట్టింది. పై నుంచి చూసేవాడికి ఏ గుంట కోరి చేసిందో, ఏది కోరకుండా జరిగిందో తెలియదు. తెలియాలంటే కింద కాగితాలు చూడాలి.

యూజీన్ షూమేకర్ 1997లో ఆస్ట్రేలియాలో ఉల్కాబిలాల్ని వెతుకుతూ ఎడారి దారిలో కారు ప్రమాదంలో చనిపోయారు. తేదీ జూలై 18. గురుడి మీద ‘జీ’ ముక్క పడి సరిగ్గా మూడేళ్లు. కాకతాళీయమన్న మాట ఇలాంటివాటి కోసమే పుట్టింది. ఆరిజోనాలోని పెద్ద గుంట ఉల్క చేసిందని రుజువు చేసినవాడు, చంద్రుడి మీద నడవాలని కోరుకుని ఆరోగ్యం బాగోక ఆగిపోయినవాడు. ఆయన చితాభస్మంలో కొంత ఒక చిన్న గొట్టంలో పెట్టి, దానికి ఆ ఆరిజోనా బిలం బొమ్మ చెక్కిన ఇత్తడి రేకు చుట్టి, లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో పంపారు. పని పూర్తయ్యాక, 1999 జూలై 31న ఆ నౌకను చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి పెద్ద బిలంలోకి గురిచూసి దింపారు. నీటి ఆవిరి లేస్తుందేమోనని భూమి మీది టెలిస్కోపులు కాచుకుని కూర్చున్నాయి. ఏమీ కనిపించలేదు. ఆ పెద్ద బిలానికిప్పుడు షూమేకర్ పేరే. దాని అడుగున ఎన్నడూ ఎండ పడదు. ఆ చీకట్లో ఆయన దిగినచోట పడిన గుంట ఒంటరిది. ముందొకటి లేదు, వెనకొకటి లేదు.